జెండా ఎగిరిన నెలకే

1943 డిసెంబరు 30న పోర్ట్‌బ్లెయిర్ జింఖానా మైదానంలో సుభాష్ చంద్రబోస్ మన జెండా ఎగరేశారు. పోటీ పరీక్షలకు కూర్చునే ప్రతి కుర్రాడికీ ఈ తేదీ కంఠతా వచ్చు. సరిగ్గా నెల తిరిగేసరికి, 1944 జనవరి 30న, అదే దక్షిణ అండమాన్‌లో హాంఫ్రేగంజ్ అనే చోట 44 మంది భారతీయులను జపాను సైన్యం కాల్చి చంపింది. ఈ తేదీ చెప్పమనండి చూద్దాం. కుర్రాడిని వదిలేయండి, వాడికి చరిత్ర పాఠం చెప్పే మాస్టారిని అడగండి.

ఆ 44 మంది చేతుల్లో తుపాకులు లేవు. వాళ్లలో ఎక్కువమంది ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ సభ్యులు. ఏ సంస్థ బోస్‌ను నెత్తిన పెట్టుకుందో, ఏ సంస్థ మీద ఆజాద్ హింద్ ప్రభుత్వం నిలబడిందో, ఆ సంస్థ మనుషులు. గూఢచారులన్న అనుమానం మీద వాళ్లను కాల్చి, అక్కడే కందకంలో పూడ్చేశారు.

మూడున్నరేళ్ల పాటు అండమాన్ నికోబార్ దీవుల్లో మన జనం జపాను బూటు కింద బతికారు, చచ్చారు. ఆ బతుకునీ ఆ చావునీ మనం మన చరిత్రలోంచి తీసి పక్కన పడేశాం. కారణం ఒక్కటే: చంపినవాళ్లు మన వీరుడి మిత్రులు. ఆ మాట పలకడానికి ఎనభై ఏళ్లు దాటినా మనకు నోరు రావడం లేదు. ఈ మౌనం పెద్దమనిషితనం కాదు, బోస్ మీద గౌరవమూ కాదు. ఆ దీవుల జనానికి చేస్తున్న రెండో అన్యాయం.

మొదట దొరల సంగతి తేల్చుకుందాం. 1858లో ఆ దీవులను ఖైదీల వలసగా మార్చింది వాళ్లు. శిక్ష తీరిన ఖైదీలు అక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు, పొలాలు కొట్టుకున్నారు, పిల్లల్ని కన్నారు. 1921 తిరుగుబాటు తర్వాత మలబారు నుంచి మాప్పిళ్లలను పట్టుకొచ్చి పడేశారు. బర్మా నుంచి కరెన్‌లను తెచ్చి ఉత్తరాన మాయాబందర్ దగ్గర అడవి కొట్టించారు. ఇలా ఊళ్లు లేచాయి, బజార్లు వెలిశాయి, గుడి, మసీదు, గురుద్వారా వచ్చాయి. 1941 జనాభా లెక్కల నాటికి అండమాన్, నికోబార్ రెండూ కలిపి 33,768 మంది. వీళ్లందరి బాధ్యతా బ్రిటిషు ప్రభుత్వానిదే.

1942 ఫిబ్రవరిలో సింగపూరు పడింది, మార్చిలో రంగూన్ పడింది. తర్వాతి వంతు ఎవరిదో చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యే పరిస్థితి. జనవరిలో పంపిన గూర్ఖా దళాన్ని ప్రభుత్వం రెండు నెలలకే వెనక్కి పిలిపించింది. తెల్లవాళ్ల కుటుంబాలు ఓడలెక్కాయి. గుమస్తాకు, బడిపంతులుకు, రైతుకు, ఖైదీల బిడ్డలకు మాత్రం ఓడ లేదు. చీఫ్ కమిషనర్ వాటర్‌ఫాల్‌తో పాటు కొద్దిమంది అధికారులు ఉండిపోయారు, అంతే. మార్చి 23న జపాను సైన్యం పోర్ట్‌బ్లెయిర్‌లో దిగితే ఎదురుగా ఒక్క తూటా పేలలేదు. రవి అస్తమించని సామ్రాజ్యం తన ప్రజలను తాళం కూడా వేయని ఇంట్లో వదిలేసి వెళ్లింది.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. సెల్యులర్ జైలు అనగానే మన మనసులో మెదిలే రాజకీయ ఖైదీలెవరూ ఆ రోజు అక్కడ లేరు. నిరాహార దీక్షల పోరాటం తర్వాత 1938 నాటికే వాళ్లను స్వదేశం పంపించేశారు. మన జాతీయోద్యమ చరిత్ర ఆ ఓడలతోనే ఒడ్డుకు తిరిగొచ్చేసింది. అక్కడ మిగిలిన మామూలు జనం గురించి రాయడానికి మన కలం మళ్లీ ఆ సముద్రం దాటలేదు.

దిగిన మొదటి రోజుల్లోనే ఏం జరిగిందో దగ్గరగా చూడండి. జపాను సైనికులు అబర్డీన్ బజారు చుట్టుపక్కల ఇళ్ల మీద పడ్డారు. దొరికిన సామాను పట్టుకుపోతున్నారు, కోళ్ల వెంట పడి తరుముతున్నారు. జుల్ఫికర్ అలీ అనే కుర్రవాడికి ఒళ్లు మండింది. చేతిలో ఉన్నది పిట్టల్ని కొట్టే ఎయిర్‌గన్. దాన్నే పేల్చాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కుర్రవాడు పారిపోయి దాక్కున్నాడు. సైనికులు వాణ్ని అప్పగించమంటూ ఇళ్లల్లో జొరబడ్డారు, ఇళ్లు తగలబెట్టారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. చివరికి వాడు వాళ్ల చేతికి చిక్కాడు. మైదానంలోకి తెచ్చి, ఊరంతా చూస్తుండగా చేతులు విరిగేదాకా మెలితిప్పి, ఆ తర్వాత కాల్చి చంపారు. ఒక కోడి కోసం మొదలైన గొడవ అది. ఆసియా ఆసియావాళ్లదే అని చెప్పుకుంటూ వచ్చిన సైన్యం ఆసియా జనంతో చేసిన మొదటి సంభాషణ అది.

ఆ నెలాఖరులోపే మేజర్ బర్డ్ అనే ఇంగ్లీషు అధికారి మీద గూఢచారి అని ముద్ర వేసి బహిరంగంగా తల నరికారు. అది తెల్లవాడి మీద కసి అని ఊరివాళ్లు అనుకుని ఉంటే, ఆ భ్రమ ఎక్కువ కాలం నిలవలేదు.

ఆక్రమణలో రోజులు ఎలా గడుస్తాయి? యుద్ధం గురించి రాసేవాళ్లు ఓడల పేర్లు, సేనాపతుల పేర్లు రాస్తారు. ఆ ఊళ్లో పొయ్యి మీద ఏం ఉడికిందో రాయరు. అండమాన్‌లో పండే ధాన్యం అక్కడి జనానికి ఎప్పుడూ చాలలేదు. బియ్యం ఓడల మీద రావాలి. ఇప్పుడు ఆ కొద్ది పంట మీదే వేలాది సైనికులు వచ్చి పడ్డారు. మిత్రరాజ్యాల జలాంతర్గాములు జపాను ఓడలను ముంచడం మొదలుపెట్టాక బయటి నుంచి వచ్చే తిండి సన్నగిల్లి, చివరికి ఆగిపోయింది. కర్రపెండలం, చిలగడదుంప వేయమని హుకుం వచ్చింది. వేసింది ఊరివాళ్లు. తవ్వింది ఊరివాళ్లు. ముందు తిన్నది సైన్యం.

పొలం చూసుకోవడానికైనా మనిషి చేతులు మనిషివి కావు. విమానాల రన్‌వే కావాలి, తీరం పొడుగునా కాంక్రీటు బంకర్లు కావాలి, ఫిరంగి దిమ్మెలు కావాలి. దానికి మనుషుల్ని లాక్కుపోయారు. ఇవాళ మనం సెలవులకు వెళ్లి కార్బిన్స్ కోవ్ దారిలో ఆగి ఫొటోలు దిగే ఆ బంకర్లు వెట్టిచాకిరీతో లేచినవి. ఆ బంకరు పక్కన నిలబడి నవ్వుతూ ఫొటో దిగే మనిషికి దాన్ని కట్టినవాడు ఆ పూట ఏం తిన్నాడో చెప్పే పలక ఒక్కటి ఉండాలా వద్దా?

బడుల్లో పిల్లలకు జపాను భాష పెట్టారు. కొరియా నుంచి, మలయా నుంచి ఆడవాళ్లను తెచ్చి సైనికుల కోసం ఇళ్లు తెరిచారు. ఆ ఆడవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు. వాళ్లు ఏ దేశపు చరిత్రకూ చెందకుండా మన నేల మీద నలిగిపోయారు.

ఈ చీకట్లో జనానికీ సైన్యానికీ మధ్య నిలబడిన మనిషి ఒకాయన ఉన్నాడు. డాక్టర్ దివాన్ సింగ్. పుట్టింది పంజాబులో. సైన్యంలో డాక్టరుగా రంగూన్ వెళ్లి, అక్కడి నుంచి 1927లో అండమాన్ చేరాడు. పంజాబీలో వచన కవిత్వం రాశాడు. ఆ దీవుల పేరునే తన పేరు చివర తగిలించుకుని దివాన్ సింగ్ కాలేపాణీ అయ్యాడు. పోర్ట్‌బ్లెయిర్‌లో అన్ని కులాల, మతాల వాళ్లూ వచ్చే గురుద్వారా కట్టించాడు, దాంట్లోనే పిల్లలకు చదువు చెప్పించాడు. జపానువాళ్లు వచ్చాక ఊరి తరఫున మాట్లాడే శాంతి సంఘానికి, ఇండిపెండెన్స్ లీగ్ శాఖకు పెద్ద ఆయనే. జనం కష్టం చెప్పుకోవడానికి వెళ్లింది ఆయన దగ్గరికే. సైనికుల దగ్గరికి ఊరి ఆడవాళ్లను పంపడానికి ఆయన ఒప్పుకోలేదని ఆయన చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

1943 అక్టోబరులో ఆయన్ని అరెస్టు చేసి సెల్యులర్ జైల్లో పెట్టారు. గూఢచారివని ఒప్పుకోమన్నారు. ఒప్పుకోలేదు. 82 రోజులు చిత్రహింస పెట్టారు. 1944 జనవరి 14న ప్రాణం పోయింది.

ఇప్పుడు తేదీలు వరసగా పెట్టి చూడండి. అక్టోబరులో దివాన్ సింగ్ అరెస్టు. నవంబరులో టోక్యో సభలో అండమాన్ నికోబార్ దీవులను ఆజాద్ హింద్ ప్రభుత్వానికి అప్పగిస్తామని జపాను ప్రధాని టోజో ప్రకటన. డిసెంబరు 29న బోస్ రాక, 30న జెండా. జనవరి 14న దివాన్ సింగ్ మరణం. జనవరి 30న హాంఫ్రేగంజ్.

బోస్ పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న రోజుల్లో సెల్యులర్ జైలుకు కూడా వెళ్లారు. ఒకనాడు మన విప్లవకారులు గానుగ తిప్పిన చోటు చూసి చలించిపోయారు. అదే జైలు గోడల లోపల ఆయన సొంత లీగ్ శాఖాధ్యక్షుడు ఆ రోజు చావుబతుకుల్లో ఉన్నాడు. ఇది ఆయనకు తెలిసే అవకాశం లేకుండా జపానువాళ్లు జాగ్రత్తపడ్డారని కొందరు రాశారు. తెలిసినా ఏమీ చేయలేకపోయారని మరికొందరు రాశారు. ఆ వాదన చరిత్రకారులకు వదిలేద్దాం. బోస్‌కు ఏం తెలుసు, ఏం తెలియదు అన్న ప్రశ్న మీద మనం ఖర్చు పెట్టిన సిరాలో వందో వంతు కూడా ఆ జైల్లో చచ్చినవాళ్ల మీద పెట్టలేదు. నా కోపం దాని మీద.

అప్పగింత ఎంత నిజమో చూడండి. ఆజాద్ హింద్ తరఫున లెఫ్టినెంట్ కల్నల్ లోగనాథన్ చీఫ్ కమిషనరుగా 1944 ఫిబ్రవరిలో వచ్చాడు. హాంఫ్రేగంజ్ కందకం మీద మట్టి ఇంకా ఆరలేదు. ఆయన పోలీసు శాఖ అడిగాడు. ఇవ్వలేదు. అరెస్టులు, విచారణలు, శిక్షలు అన్నీ జపాను నౌకాదళం చేతిలోనే ఉండిపోయాయి. ఆయన చేతికి వచ్చింది విద్యాశాఖ ఒక్కటే. ఏడాది తిరక్కుండానే వెళ్లిపోయాడు. ఒక ప్రభుత్వం తన పౌరుడిని ఉరికంబం దగ్గర నుంచి దింపలేకపోతే, జైలు తాళంచెవి తన దగ్గర లేకపోతే, ఆ నేల విముక్తమైందని ఎలా అంటాం? జెండా ఎగరడం నిజం. ఆ జెండా కింద మనిషికి రక్షణ లేకపోవడం కూడా అంతే నిజం. రెండూ కలిపి చెప్పండి. ఒక్కటే చెప్పకండి.

గూఢచారుల సంగతి మరీ ఘోరం. నిజంగా గూఢచారులు ఉన్నారు. ఎక్కడ ఉన్నారు? అడవిలో. ఆక్రమణకు ముందు అండమాన్‌లోనే పోలీసు అధికారిగా పనిచేసిన డెనిస్ మెకార్థీ అనే ఇంగ్లీషువాడు 1943 జనవరిలో ఒక డచ్చి జలాంతర్గామిలో వచ్చి చిన్న బృందంతో దొంగచాటుగా దిగాడు. సమాచారం పట్టుకుని వెనక్కి వెళ్లాడు. ఆ తర్వాత కూడా మనుషులు వచ్చి వెళ్లారు. అవతల సముద్రంలో జపాను ఓడలు మునుగుతుంటే, ఇవతల ఊళ్లో ఉన్నవాళ్లే కబురు పంపుతున్నారని జపాను అధికారులు తీర్మానించుకున్నారు. అడవిలో ఉన్నవాడిని పట్టుకోలేక ఇంట్లో ఉన్నవాడిని పట్టుకున్నారు. గుమస్తాలను, బడిపంతుళ్లను, వైద్యులను, దుకాణదారులను ఈడ్చుకెళ్లారు. ఒకడిని కొట్టి ఇంకొకడి పేరు చెప్పించారు. ఆ ఇంకొకడిని కొట్టి మరో పదిమంది పేర్లు చెప్పించారు. లండను ఆడిన ఆటకు, టోక్యో ఆడిన ఆటకు పందెం కాసిన ప్రాణాలు మనవి. రెండు సామ్రాజ్యాలూ వాళ్లను లెక్కలోకి తీసుకోలేదు. మూడోవాళ్లం మనం. మనమూ తీసుకోకపోతే ఇంకెవరు తీసుకుంటారు?

1945 నాటికి తిండి పూర్తిగా అయిపోయింది. అప్పుడు జపాను అధికారులు ఒక లెక్క వేశారు. పని చేయగలిగినవాడికి తిండి పెట్టాలి, పని చేయలేనివాడు దండగ. ముసలివాళ్లను, రోగులను, పనికిరారని తేల్చినవాళ్లను ఆగస్టులో పోగుచేశారు. కొత్త చోటికి తీసుకెళ్తాం, అక్కడ పొలం చేసుకుని బతకండి అని చెప్పి ఓడల్లో ఎక్కించారు. హావ్‌లాక్ దీవి ఒడ్డు ఇంకా దూరం ఉండగానే చీకట్లో, నడిసముద్రంలోకి తోసేశారు. చాలామంది మునిగిపోయారు. ఈది ఒడ్డెక్కినవాళ్లు తినడానికి ఏమీ లేని ఆ అడవిలో ఒకరి తర్వాత ఒకరు ఆకలితో రాలిపోయారు. ఎంతమంది? పుస్తకానికొక అంకె ఉంది, అన్నీ వందల్లోనే. యుద్ధం ముగిసి బ్రిటిషువాళ్లు వచ్చేసరికి బతికి ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లు చెప్పిన వాంగ్మూలం వల్లే ఈ సంగతి లోకానికి తెలిసింది.

జపాను లొంగిపోతున్నట్టు చక్రవర్తి ప్రకటించింది ఆగస్టు 15న. ఈ ఓడలు బయల్దేరింది అదే నెలలో. ఇంకొన్ని వారాలు, మరికొన్ని గుప్పెళ్ల బియ్యం ఉంటే వాళ్లు బతికేవాళ్లు. ఆ ఒక్క సంగతి తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

నికోబార్‌లోనూ అదే కథ. కార్ నికోబార్‌లో రన్‌వే కోసం నికోబారీలను వెట్టికి తోలారు. 1945లో బాంబుదాడులు పెరిగాక గూఢచారుల వేట మొదలైంది, పల్లెల్లో మనుషుల్ని పట్టుకెళ్లి చంపారు. నికోబారీలకు అక్షరాలు నేర్పిన జాన్ రిచర్డ్‌సన్‌ను చిత్రహింసల పాలు చేశారు. ఆయన బతికి బయటపడి, తర్వాత బిషప్ అయ్యాడు, ఆ దీవుల తరఫున మొదటి పార్లమెంటు సభ్యుడయ్యాడు. దేశ రాజధానిలో, చట్టసభలో కూర్చున్న మనిషి ఒంటి మీద ఆ గాయాలున్నాయి. అయినా ఆ గాయాల కథ దేశానికి చేరలేదు.

1945 అక్టోబరులో, అదే జింఖానా మైదానంలో, జపాను సేనాపతులు కత్తులు అప్పగించి లొంగిపోయారు. కొందరిని సింగపూరులో సైనిక న్యాయస్థానాలు విచారించాయి, శిక్షలు వేశాయి. అక్కడితో ఫైలు మూసేశారు. 1951 జనాభా లెక్కల్లో ఆ దీవుల జనం 30,971. పదేళ్ల కింద ఉన్నదాని కంటే తక్కువ. యుద్ధం తర్వాత ఖైదీల వలస రద్దు చేసి చాలామందిని స్వదేశం పంపిన మాట నిజమే, ఆ తేడా అంతా చావుల లెక్క కాదు. కానీ ఆ తేడాలో చావుల వాటా ఎంతో నిదానంగా కూర్చుని తేల్చే ప్రయత్నం స్వతంత్ర భారతం పట్టుదలగా చేయలేదు. అంటే ఆ మనుషుల విలువ మనకు అంతేనన్నమాట.

ఇది ఇలాగే ఉంటుందని, యుద్ధాల్లో ఇలాంటివి మామూలేనని అనేవాళ్లకు ఒక మాట. ఇంగ్లండు, ఫ్రాన్సు మధ్య సముద్రంలో జెర్సీ, గర్న్‌సీ అనే చిన్న దీవులున్నాయి. బ్రిటిషు రాజు ఏలుబడిలోవే. 1940 నుంచి 1945 మే 9 దాకా జర్మనీ సైన్యం కింద ఉన్నాయి. అక్కడా బంకర్లు కట్టించారు, అక్కడా చివరి చలికాలంలో జనం ఆకలికి అల్లాడారు. 1944 డిసెంబరు చివర్లో వేగా అనే రెడ్‌క్రాస్ ఓడ తిండి పొట్లాలతో వచ్చి వాళ్ల ప్రాణాలు నిలబెట్టింది. ఇవాళ మే 9 అక్కడ సెలవు దినం, పండుగ. బంకర్లలో మ్యూజియంలు పెట్టారు. ఆనాటి రేషను కార్డు, డైరీ, ఇంట్లో దాచిన రేడియో అన్నీ అద్దాల్లో భద్రంగా ఉన్నాయి. ఎవరు ధైర్యంగా నిలబడ్డారు, ఎవరు జర్మన్లతో చేతులు కలిపారు అని ఈ రోజుకీ నిర్మొహమాటంగా వాదించుకుంటారు. అలా వాదించుకుంటే వాళ్ల పరువేం పోలేదు. అదే సామ్రాజ్యం కింద ఉన్న అండమాన్‌కు ఆకలి రోజుల్లో అలాంటి ఓడ రాలేదు. అప్పుడు రాని ఓడకు దొరలను తిట్టొచ్చు. ఇప్పుడు లేని మ్యూజియానికి ఎవరిని తిడతాం?

నాకు వచ్చే జవాబులు తెలుసు. ఇదంతా ఇంగ్లీషువాళ్ల ప్రచారం అంటారు. హాంఫ్రేగంజ్‌లో పడుకున్నవాళ్లు ఇంగ్లీషువాళ్లు కారు. అక్కడ స్మారకం నిలబెట్టుకుని ఏటా పూలు పెట్టేది ఆ కుటుంబాల వారసులు. ఇక్బాల్ సింగ్, జయంత్ దాస్‌గుప్తా లాంటి మన రచయితలే ఆ దీవుల గురించి పుస్తకాలు రాశారు. నేతాజీని అవమానిస్తున్నారని ఇంకొకరు అంటారు. తన లీగ్ సభ్యులను చంపినవాళ్ల తప్పు కప్పిపుచ్చడం నేతాజీకి చేసే గౌరవమా? శత్రువుకు శత్రువు మనకు మిత్రుడు అన్న నీతి రాజ్యాలు నడిపేవాళ్లకు బాగానే ఉంటుంది. ఆ మిత్రుడు వచ్చి కూర్చున్న ఊళ్లో ఉండాల్సినవాడిని అడిగితే ఆ నీతి ఖరీదు చెబుతాడు. స్వాతంత్ర్యం కోసం ఎంతో కొంత మూల్యం చెల్లించక తప్పదని మూడో వాదన. మూల్యం అంటే మనిషి ఇష్టపడి ఇచ్చేది. పని చేయలేని ముసలివాణ్ని పొలం ఇస్తామని నమ్మించి సముద్రంలోకి తోస్తే అది మూల్యం కాదు, హత్య.

తెలుగువాళ్లకు దీనితో ఏం పని అని అడిగేవాళ్లూ ఉంటారు. పోర్ట్‌బ్లెయిర్ పడిన రెండు వారాలకే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం పిల్లాపాపలతో, మూటాముల్లెలతో ఊళ్లు వదిలి లోపలి పల్లెలకు పారిపోయారు. మనకు పారిపోవడానికి వెనకాల నేల ఉంది. వాళ్లకు నాలుగు వైపులా నీళ్లే. తేడా అంతే. జపాను సైన్యం ఆ ఏప్రిల్‌లో మన ఒడ్డున దిగి ఉంటే, హాంఫ్రేగంజ్ లాంటి కందకం ఏ భీమిలి దగ్గరో, ఏ ఉప్పాడ దగ్గరో ఉండేది. అప్పుడు కూడా మనం ఇలాగే నోరు మూసుకుని ఉండేవాళ్లమా?

పైగా ఆ దీవులు మనకు పరాయివి కావు. 2011 లెక్కల ప్రకారం అక్కడ బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమంది ఇళ్లల్లో మాట్లాడేది తెలుగే. విశాఖ నుంచి ఓడెక్కి వెళ్లి అక్కడ వేట చేసుకునేవాళ్లు, కూలి చేసుకునేవాళ్లు, దుకాణాలు పెట్టుకున్నవాళ్లు ఉత్తరాంధ్ర పల్లెల్లో కావలసినంతమంది. వాళ్ల పిల్లలు రోజూ నడిచే నేల కింద ఏముందో వాళ్లకు వాళ్ల భాషలో చెప్పే పుస్తకం ఉండాలి. మన పత్రికలు అండమాన్ అనగానే పగడపు దిబ్బల మీద, స్కూబా డైవింగ్ మీద రంగుల పేజీలు వేస్తాయి. హావ్‌లాక్ హనీమూన్ ప్యాకేజీల ప్రకటనలు ఆ పక్క పేజీలోనే ఉంటాయి.

2018 డిసెంబరు 30న, జెండా ఎగిరిన 75వ ఏట, హావ్‌లాక్‌కు స్వరాజ్ దీవి అని, నీల్‌కు షహీద్ దీవి అని, రాస్‌కు నేతాజీ పేరు పెట్టారు. 2023లో 21 దీవులకు పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. 2024లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. దొరల పేర్లు తీసేయడం మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఏ దీవి ఒడ్డున ముసలివాళ్లనూ రోగులనూ సముద్రంలోకి తోశారో, ఆ దీవికే స్వరాజ్యం అని పేరు పెట్టి, ఆ చావుల గురించి దేశానికి ఒక్క మాట చెప్పకపోవడం నాకు భరించరాకుండా ఉంది. స్వరాజ్యం అన్న మాటకు విలువ ఉండాలంటే ముందు ఆ నీళ్లలో మునిగినవాళ్లకు లెక్క చెప్పాలి.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. స్వరాజ్ దీవి జెట్టీ దగ్గర, పర్యాటకుడు పడవ దిగగానే కనపడేటట్టు, 1945 ఆగస్టులో అక్కడ ఏం జరిగిందో రాసిన శిలాఫలకం పెట్టండి. తెలిసిన పేర్లు చెక్కండి, తెలియని పేర్లకు ఖాళీ వరసలు వదలండి. కార్బిన్స్ కోవ్ బంకర్ల దగ్గర వాటిని కట్టినవాళ్ల గురించి రాయండి. సెల్యులర్ జైలును చూడబోయే ప్రతివాడికీ, ఆ గోడలు 1938తో కథ ముగించలేదని, 1944లో దివాన్ సింగ్ అక్కడే చనిపోయాడని చెప్పండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠ్యపుస్తకాల్లో పోర్ట్‌బ్లెయిర్ జెండా గురించి ఉన్న వాక్యం పక్కనే హాంఫ్రేగంజ్ వాక్యం కూడా చేర్చండి. ఆనాటి పిల్లలు ఇప్పుడు ఎనభై, తొంభై దాటిన ముసలివాళ్లు. వాళ్లలో ఎవరు మిగిలితే వాళ్ల దగ్గరికి రికార్డరు పట్టుకుని మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు వెళ్లాలి. వచ్చే ఏడాది కాదు, ఈ ఏడాదే. ఆలస్యమైతే వినడానికి ఎవరూ ఉండరు.

ప్రతి జనవరి 30న ఉదయం పదకొండు గంటలకు దేశమంతా రెండు నిమిషాలు మౌనం పాటిస్తుంది. అది గాంధీ గారు హత్యకు గురైన రోజు, అమరుల దినం. దానికి నాలుగేళ్ల ముందు అదే రోజున 44 మందిని కందకంలో పడేశారు. ఆ రెండు నిమిషాల్లో వాళ్లకూ చోటుంది. కొత్తగా సెలవు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. బడిలో, ఆఫీసులో, పంచాయతీ కార్యాలయంలో లేచి నిలబడే ముందు ఎవరో ఒకరు హాంఫ్రేగంజ్ అన్న మాట గట్టిగా పలికితే చాలు. వచ్చే జనవరి నుంచి మీ ఊళ్లో మీరు పలకండి. ఎవరైనా అదేమిటని అడిగితే ఈ కథంతా చెప్పండి. జెండా గురించి కూడా చెప్పండి. కానీ ఆ జెండా ఎగిరిన నెలకే ఏం జరిగిందో చెప్పకుండా మాత్రం ముగించకండి.